మంచిగున్న

ఫిబ్రవరి 3

ఆఫీసులో కొత్త పని ఇచ్చారు. ఒక బడి వాళ్ళ బస్సు పాసులు. తల్లిదండ్రులు వెబ్ పేజీలో పిల్లల వివరాలు నింపితే పాసు కనిపిస్తుంది. కింద బటన్ నొక్కితే ఆ పాసు మాత్రమే ఫొటోగా ఫోన్‌లోకి దిగాలి. పేజీ మొత్తం కాదు, అందులో ఆ ఒక్క డబ్బా.

స్క్రీన్‌షాట్ లాంటిదే అనుకున్నాను. కాదు. ఈ పనికి వాడే జావాస్క్రిప్ట్ కోడ్ ఫొటో తీయదు. డబ్బాలో ఏముందో ఒక్కొక్కటిగా చదువుతుంది. ఏ అక్షరం, ఏ రంగు, ఎంత వెడల్పు. చదివి, ఖాళీ కాన్వాస్ మీద మొదటి నుంచి మళ్ళీ గీస్తుంది. చూసేవాళ్ళకు అది ఫొటోయే.

ఇది నాకు నచ్చింది. పక్క సీటు నిఖితకు చెబితే, "నీకు ఇలాంటివే నచ్చుతాయి లేవే" అని నవ్వింది. ఆమెది కోదాడ. రోజూ బస్సులో సూర్యాపేటకు వచ్చి పోతుంది. ఈ ఆఫీసులో నాతో మాట్లాడేది ఆమె ఒక్కతే. నేను మాట్లాడేదీ ఆమెతోనే.

ఫిబ్రవరి 5

నాన్న గొర్రెల మంద ఇవాళ సూర్యాపేట దాటింది. ఈ ఏడు నాన్న ఒక్కడే. మైసయ్య చిన్నాయనకు మోకాలు వాచింది. చిన్న మందే గద, కోదాడ దాకా పోతే మనోళ్ళు కలుస్తరు అన్నాడట అమ్మతో. అమ్మకు అన్నం దిగడం లేదు.

భోజనం టైములో బైపాస్ దగ్గరికి వెళ్ళాను. ఎర్ర తలగుడ్డ దూరం నుంచే కనిపించింది. లారీలు హారన్ కొడుతున్నాయి. నేను ఆఫీసు బట్టల్లో ఉన్నానని నాన్న నాకు కొంచెం దూరంగానే నిలబడ్డాడు.

నాన్న ఫోన్‌లో నేను చేసిన పేజీ పెట్టాను. ఒకటే బటన్, ఆకుపచ్చది. సాయంత్రం ఒకసారి నొక్కితే ఎక్కడున్నాడో మాకు తెలుస్తుంది. ఫోన్‌లో మాట్లాడటం నాన్నకు చేతకాదు. నాకూ అంతే. ఇద్దరం ఫోన్ పట్టుకుని ఊపిరి వింటూ ఉంటాం.

బటన్ మీద ఏమని రాయాలని అడిగాను. నాన్న మూడో తరగతి చదివాడు, నిదానంగా చదవగలడు.

"ఏమని రాస్తవ్. మంచిగున్న అని రాయి. గదే గద మీకు కావాల్సింది."

అక్కడే రాసి ఇచ్చాను.

ఫిబ్రవరి 6

నొక్కాడు!

ఫిబ్రవరి 7

అమ్మ ఫోన్‌లో పేజీ తెరుచుకోవడం లేదు. ఫోన్ పాతది, అద్దం పగిలింది. వాట్సాప్ ఫొటోలు మాత్రం వస్తాయి. బస్సు పాసు కోడే ఇక్కడ వాడాను. నాన్న నొక్కితే పేజీలో పడే డబ్బాను ఫొటోగా మార్చి అమ్మకు పంపవచ్చు. డబ్బాలో నాన్న పేరు, తేదీ, దాని పక్కన నొక్కినట్టు ఆకుపచ్చ టిక్కు, ఊరు, మ్యాప్ మీద ఎర్ర చుక్క.

ఫొటోలో మ్యాప్ రాలేదు. దాని చోట బూడిదరంగు గడి. మ్యాప్ వేరే సర్వర్ నుంచి వస్తుంది. బ్రౌజర్ దాన్ని కళ్ళకు చూపిస్తుంది గానీ, ఆ సర్వర్ అనుమతి లేనిదే నా కాన్వాస్ మీదికి రానివ్వదు.

ఫిబ్రవరి 8

మ్యాప్ నేనే గీశాను. పైన తుంగతుర్తి, అమ్మ ఉన్నచోటు. మధ్యలో సూర్యాపేట. కింద కుడి వైపు నడిగూడెం, ఇంకా కిందికి కోదాడ. ఎడమ వైపు మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువను నీలం గీతగా వేశాను. నేను గీసింది కాబట్టి ఫొటోలోకి వచ్చింది. తెలుగు అక్షరాలు మొదట ముక్కలుగా వచ్చాయి. ఫాంట్ పూర్తిగా దిగేదాకా ఆగమని కోడ్‌లో చెప్పాక కుదురుకున్నాయి.

అమ్మ వెంటనే ఫోన్ చేసింది. "గా ఎర్ర బొట్టు మీ నాయనా?"

అవునన్నాను.

"మంచిగున్నడు" అంది. తర్వాత, వాకిట్లో ఉన్నవాళ్ళకు చూపిస్తానని పెట్టేసింది.

ఫిబ్రవరి 11

నాన్న నొక్కాడు. పంపాను.

ఫిబ్రవరి 13

నాన్న నొక్కాడు. పంపాను. చుక్క కాలువకు దగ్గరైంది. లైబ్రరీ నుంచి తెచ్చిన నవల సగంలో ఉంది. మంచి రోజులు కదూ ఇవి.

ఫిబ్రవరి 16

నడిగూడెం. అమ్మ చెప్పింది, అక్కడ పత్తి ఏరిన చేలు చాలా ఉంటాయట. రైతులు మందను చేలో పడుకోబెట్టమని అడుగుతారట, ఎరువు కోసం. నాన్నకు అక్కడ అందరూ తెలుసు.

ఫిబ్రవరి 17

నొక్కలేదు. ఫోన్ స్విచాఫ్.

కాలువ పక్కన సిగ్నల్ ఉండదు.

ఫిబ్రవరి 18

ఇవాళ కూడా లేదు. నిన్న ఫొటో రాలేదని అమ్మ పొద్దున్నుంచి అడుగుతోంది. వంట కూడా మొదలుపెట్టలేదంది.

బ్రౌజర్‌లో పేజీ తెరిచి, లోపలి అక్షరాలను చేత్తో మార్చవచ్చు. మార్చిన తర్వాత బటన్ నొక్కితే కోడ్‌కు తేడా తెలియదు. ఎదుట ఏముంటే అది చదివి గీస్తుంది.

16 తీసేసి 18 పెట్టాను. చుక్కను కదపలేదు. నాన్న ఇంకా నడిగూడెంలోనే ఉండి ఉంటాడు. కాబట్టి ఇది తప్పేమీ కాదు.

"ఇగ తింట" అంది అమ్మ.

ఫిబ్రవరి 19

చుక్కను కొంచెం కదిపాను. నాన్న ప్రతి ఏడూ వెళ్ళే దారే. ఇవాళ ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టాను. రేపు నాన్న నొక్కితే సరిపోతుంది.

కాలువ పక్కన సిగ్నల్ ఉండదు.

ఫిబ్రవరి 20

స్విచాఫ్.

ఫిబ్రవరి 21

ఎవరినైనా అడగాలి. నడిగూడెంలో నాకు ఎవరూ తెలియదు. పోలీస్ స్టేషన్‌కు వెళితే ఏం చెప్పాలి? మా నాన్న గొర్రెలు కాస్తూ ఫోన్ తీయడం లేదనా? వాకిలి దాకా వెళ్ళి తిరిగొచ్చేదాన్ని నేను. బళ్ళో టీచర్ నన్ను లేపి నిలబెడితే వచ్చిన జవాబు కూడా మరిచిపోయేదాన్ని.

చిన్నాయనకు చెప్పవచ్చు. చెబితే అమ్మకు తెలుస్తుంది.

రేపటి దాకా చూస్తాను.

ఫిబ్రవరి 22

చుక్క కోదాడ దగ్గరికి వచ్చింది. వచ్చింది అని రాశాను. నేనే తెచ్చాను.

నిఖిత నా స్క్రీన్ చూసింది. "ఏంటే, మీ నాన్నగారు మా ఊరి దగ్గరే ఉన్నారా? చెప్పవే మరి. రేపు ఆదివారం, నేనూ అమ్మా వెళ్ళి చూసొస్తాం. గొర్రెపిల్లల్ని చూడాలని మా అమ్మకు ఎప్పటి నుంచో ఉంది."

వద్దన్నాను. మంద ఒకచోట ఉండదన్నాను. ఆమె నా ముఖం చూసి, ఇంకేమీ అడగలేదు. సాయంత్రం వెళ్తూ మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, "వాణీ, ఏదన్నా ఉంటే చెప్పు" అంది.

ఏమీ లేదన్నాను.

ఫిబ్రవరి 23

పంపాను.

ఫిబ్రవరి 24

పంపాను. పదహారున పడిన ఆకుపచ్చ టిక్కు వారం దాటాక పేజీలోంచి పోయింది, ఇవాళ తేదీ పక్కన అది లేదు. ఎవరైనా నిజంగా నొక్కితేనే అది వస్తుంది. టిక్కు ఏదని అమ్మ అడిగింది. ఆమె ఇంత శ్రద్ధగా చూస్తుందని నేను అనుకోలేదు.

పేజీని నా ఫోన్‌లో తెరిచాను. మంచిగున్న. నొక్కాను. సూర్యాపేట అని పడింది. దాన్ని కోదాడగా మార్చి పంపాను.

చేతులు కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో.

ఫిబ్రవరి 26

నాన్న బీపీ గోలీలు అయిపోయి ఉంటాయని అమ్మ లెక్క. చిన్నాయనను కోదాడ పంపుతోంది. మోకాలు బాగా లేదు కదా, ఎందుకమ్మా అన్నాను. ఫోన్ చేసి కొరియర్ పెడదామన్నాను. నాన్నే ఎక్కడో కొనుక్కుంటాడన్నాను.

"ఎట్ల కొంటడు? డాక్టర్ చీటీ ఇంట్లనే మర్చిపోయిండు. మైసయ్యకు నీ ఫొటో ఇచ్చిన. గా బొట్టు కాడికే పోతడు. ఎవల్నీ అడిగే పనే లేదు."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "సరే" అని వచ్చింది.

ఫిబ్రవరి 27

పొద్దున నుంచి చిన్నాయన ఫోన్లు. తీయలేదు. మధ్యాహ్నం నిఖిత నా ఫోన్ తీసుకుని, కాల్ ఎత్తి, నా చెవి దగ్గర పెట్టింది.

"బిడ్డా, నువ్వు పంపిన బొట్టు కాడ్నే ఉన్న. కాలువ కట్ట మీద ఈ కొసకెల్లి ఆ కొసకు నడిసిన. గీడ గొర్రె పెంటిక గూడ లేదు. ఎవల్ని అడిగినా మంద రాలేదంటున్నరు. ఏమన్న మారిందా, జర సూసి చెప్పు."

ఎండలో ఉన్నాడు. రొప్పుతున్నాడు. ఆ మోకాలితో.

"చిన్నాయనా, ఆ చుక్క నేను పెట్టింది" అన్నాను.

"నువ్వే గద పెట్టేది."

"కాదు. నాన్న నొక్కలేదు. ఫోన్ బంద్ ఉంది. నేనే జరిపిన."



"మరి మీ నాయనేడి?"

"తెల్వదు."

"ఆఖరికి యాడ ఉండె?"

"నడిగూడెం."

తిట్టలేదు. "నేను గాడికి పోత. మీ అమ్మకు నువ్వే చెప్పు" అని పెట్టేశాడు.

అమ్మకు ఫోన్ చేశాను. హలో అనగానే పెట్టేశాను. రెండోసారి కూడా.

ఇక పేజీ తెరిచాను. నేను మార్చినవన్నీ తీసేశాను. తేదీ 16. ఊరు నడిగూడెం. ఆ తర్వాత ఏమీ లేదు. చుక్క మొదటి చోటికి పోయింది. ఏమీ ముట్టుకోకుండా ఫొటోగా మార్చి అమ్మకు పంపాను. కింద రాశాను: ఇదే నిజం. మిగిలినవి నేను చేసినవి.

చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఫోన్ రాలేదు.

ఫిబ్రవరి 28

అమ్మ ఆఫీసుకు వచ్చింది. మొదటి బస్సుకే బయలుదేరిందట. చేతిలో సంచి, అందులో నాన్న చొక్కా ఒకటి. లిఫ్టు ఎక్కడానికి భయపడి మెట్లెక్కి వచ్చింది. నిఖిత కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. ఆఫీసులో అందరూ చూస్తున్నారు. నాకు సిగ్గు వేయలేదు. మొదటిసారేమో.

అమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఆయన చెప్పకపాయె. నువ్వు చెప్పకపోతివి. నేనొక్కదాన్నే గాడ ఫొటోలు సూసుకుంట, వాడకట్టుకంత సూపెట్టుకుంట, నవ్వుకుంటున్న."

అంతే అంది. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

పోలీస్ స్టేషన్‌కు వెళదామని లేచేసరికి చిన్నాయన ఫోన్. నడిగూడెంలో ఒక రైతు మిర్చి తోటకు డ్రిప్పులో వదలడానికి తొట్టిలో నీళ్ళు పోసి యూరియా కలిపి పెట్టాడు. నాన్నకు తెలియదు. మంద దప్పిక మీద ఉందని తోలుకుపోయింది నాన్నే. తాగిన గొర్రెలన్నీ తొట్టి దగ్గరే పడిపోయాయి, ఒకదాని మీద ఒకటి. జేసీబీ తెచ్చి గుంత తీసి పూడ్చారు. తాగని నాలుగైదింటిని నాన్న ఎవరికో ఇచ్చేశాడు. రైతు కూడా ఏడ్చాడట. అన్నం తినమంటే తినకుండా, నాన్న మిర్యాలగూడ బస్సు ఎక్కాడట. అది ఫిబ్రవరి 17.

"మిర్యాలగూడల మన గౌరయ్య ఉన్నడు గద, రైస్ మిల్లుల. గాడికే పోయి ఉంటడు" అన్నాడు చిన్నాయన.

అమ్మ ఆ మాటలన్నీ స్పీకర్‌లో విన్నది. "మనిషి ఉన్నడు గద" అంది. మళ్ళీ అంది. "మనిషైతే ఉన్నడు."

మార్చి 1

మిర్యాలగూడ. ఊరు మొదలయ్యే ముందే తవుడు వాసన. మిల్లు గేటు దగ్గర వడ్ల ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. గౌరయ్య మామ మమ్మల్ని చూసి తల దించుకున్నాడు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట నాన్న.

నాన్న బస్తా దించి వచ్చాడు. తల, కనుబొమ్మలు, మీసం అంతా తవుడు. ఎర్ర తలగుడ్డ లేదు. ముసలివాడిలా ఉన్నాడు. అమ్మను చూసి అక్కడే ఆగాడు. అమ్మే వెళ్ళి కొంగుతో ముఖం తుడిచింది, చిన్న పిల్లవాడికి తుడిచినట్టు. చీటీ చూపించి కొన్న గోలీలు చేతిలో పెట్టింది.

"ఫోనెందుకు బంద్ జేసినవ్?"

నాన్న నా వైపు చూశాడు.

"నొక్కుదామనే తీసిన బిడ్డా. గా రోజు మస్తుసార్లు తీసిన. ఒక్కటే ఉండె గాడ, మంచిగున్న అని. మంచిగ లేను గద. ఎట్ల నొక్కుత? ఇగ సూడలేక బంద్ జేసిన."

నేను నేల చూస్తున్నాను. నాన్న నొక్కలేనిది నేను నొక్కాను. ఆకుపచ్చ టిక్కు కోసం.

అమ్మ తన ఫోన్ తీసింది. "నువ్వు నొక్కకున్నా వచ్చినయ్ నాకు. సూడు నీ బిడ్డ పనితనం."

పగిలిన అద్దం మీద నాన్న వేలితో ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. నడిగూడెం. దాని కింద కాలువ వంపు. ఆ తర్వాత కోదాడ దారి. వేలు ఆగి ఆగి కదిలింది. నేను ఎదురుచూసిన కోపం రాలేదు.

"దారి మంచిగనే పట్టినవ్" అన్నాడు. "మంద ఉంటె గిట్లనే పోయేది."

అప్పుడు ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూడలేదు ఇంతకు ముందు. ట్రాక్టర్ల వాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు. అమ్మ ఫోన్ లాక్కుని సంచిలో వేసింది.

మార్చి 2

ఇవాళ ఏమీ రాయలేను.

మార్చి 4

నాన్న ఇంటికి రాలేదు. మిల్లులో ఈ సీజన్ అయ్యేదాకా ఉంటానన్నాడు. ఖాళీ దొడ్డి చూడలేడట ఇప్పుడే. అమ్మ ఒత్తిడి చేయలేదు. తలగుడ్డ ఉతికి ఇచ్చి వచ్చింది. చిన్నాయన మోకాలికి సూర్యాపేటలో చూపించాను. ఫోన్‌లో నేనే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. డాక్టర్ ముందు నేనే మాట్లాడాను. "నాకంటే నీ కాళ్ళే ఎక్కువ వణుకుతున్నయ్" అన్నాడు చిన్నాయన.

పేజీ తీసేద్దామనుకున్నాను. తీసేయడం కూడా ఒకరకంగా దాచడమే అనిపించింది.

మార్చి 5

రెండో బటన్ పెడుతున్నాను. రంగు ఎరుపు వద్దు, భయపెట్టినట్టుంటుంది. నీలం. దాని మీద "మంచిగ లేను" అని రాసి, ఫొటోగా మార్చి అమ్మకు పంపాను. ఆమె అడుగుతుందని కాదు. ఇక నుంచి ఆమె చూడకుండా ఏదీ పెట్టకూడదని.

అమ్మ ఫోన్ చేసింది. నాతో మాట్లాడి రోజులైంది.

"గట్ల రాస్తె నొక్కడు ఆ మనిషి. సచ్చినా నొక్కడు. ‘ఫోన్ చెయ్యి’ అని రాయి."

రాశాను.

"నొక్కితే ఎవలు చెయ్యాలె ఫోను?" అని అడిగింది.

"నేనే చేస్త" అన్నాను.

"ఏం మాట్లాడుతవ్? ఇద్దరికిద్దరు మూగోళ్ళు."

మార్చి 7

నాన్న ఆకుపచ్చది నొక్కాడు. నిజమో కాదో నాకు తెలియదు. నొక్కాడు, అంతవరకే నాకు తెలిసింది. ఎలా వచ్చిందో అలాగే పంపాను.

మార్చి 8

ఏదీ నొక్కలేదు. ఖాళీ డబ్బానే ఫొటోగా మార్చి అమ్మకు పంపాను. "సరే" అని పెట్టింది. అన్నం తిన్నావా అని అడిగాను. తిన్నానని ఫొటో పంపింది, ఖాళీ కంచం.

మార్చి 10

ఆఫీసు అయిపోయే ముందు నీలం బటన్ వెలిగింది.

మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను. ఎత్తాడు. మిల్లు చప్పుడు. ఊపిరి వింటూ కూర్చున్నాను. బస్సు టైమైందని నిఖిత సైగ చేసింది. నువ్వు వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపాను.

చాలాసేపటికి నాన్న అన్నాడు. "గా తెల్ల మెడ గొర్రె లేదా బిడ్డా, రేపో మాపో ఈననీకి ఉండె."

"చెప్పు నాన్నా" అన్నాను.

చెప్పాడు.